కడుపుతో ఉన్నప్పుడు షుగర్: తిండి, కదలిక, నిద్ర గురించి సీమ ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో గర్భిణులు, వాళ్ళ అమ్మలు, అత్తలు, భర్తలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. గర్భంలో షుగర్ రావడానికి కొన్ని కారణాలు మన చేతిలో ఉండవు. మన చేతిలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం వంటింట్లో, మంచం దగ్గర, టీ గ్లాసు దగ్గర ఉంటాయి. అందుకే జవాబులు గర్భిణి ఒక్కతే కాకుండా ఇంట్లో వంట చేసేవాళ్ళు, సరుకులు తెచ్చేవాళ్ళు కూడా చదవాలి. మందులు, వాటి మోతాదు మాత్రం మిమ్మల్ని చూస్తున్న డాక్టరే చెప్పాలి.

అంతకుముందు లేని షుగర్ కడుపుతో ఉన్నప్పుడే ఎందుకు వస్తుంది?

బిడ్డకు ఆహారం అందించే మాయ కొన్ని హార్మోన్లను తయారు చేస్తుంది. తల్లి రక్తంలోని గ్లూకోజ్ బిడ్డకు సరిపడా దొరకాలని ఆ హార్మోన్లు తల్లి ఒంట్లో రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ పనిని కొంచెం అడ్డుకుంటాయి. నెలలు పెరిగేకొద్దీ మాయ పెరుగుతుంది, ఈ అడ్డు కూడా పెరుగుతుంది. చాలామందిలో క్లోమం ఆ మేరకు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి సర్దుకుంటుంది. సర్దుకోలేని వాళ్ళకు రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఐదు నెలలు దాటాక ఇది ఎక్కువగా బయటపడడానికి కారణం ఇదే.

కొందరికి గర్భానికి ముందే షుగర్ ఉండి, ఎప్పుడూ పరీక్ష చేయించుకోక తెలియకుండా పోతుంది. మొదటి చెకప్‌లోనే రక్తపరీక్ష అడిగేది అందుకే.

ఇది ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ?

అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్ళకో షుగర్ ఉన్నవాళ్ళకు, పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవాళ్ళకు, వయసు 25 దాటినవాళ్ళకు, కవలలు ఉన్నవాళ్ళకు, ముందు కాన్పులో షుగర్ వచ్చినవాళ్ళకు, బాగా బరువైన బిడ్డ పుట్టినవాళ్ళకు అవకాశం ఎక్కువ. ఇవి మార్చలేనివి. పైగా భారతీయ మహిళలకు ఐరోపా మహిళల కంటే ఈ ముప్పు ఎక్కువని చాలాకాలంగా తెలుసు.

మార్చగలిగినవి వేరే ఉన్నాయి: గర్భానికి ముందే ఉన్న అధిక బరువు, మొదటి నెలల్లో వేగంగా పెరిగే బరువు, కదలిక లేకపోవడం, తీపి పానీయాలు, పళ్ళెంలో కూర కన్నా అన్నం ఎక్కువ ఉండడం, నూనెలో వేయించినవి తరచుగా తినడం, నిద్ర చాలకపోవడం, పొగాకు. వీటిలో గర్భానికి ముందు బరువు అన్నిటికన్నా పెద్దది. ఆ తర్వాత కదలిక, తిండి.

నేను సన్నగానే ఉన్నాను. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. నాకు పరీక్ష అవసరమా?

అవసరమే. మన వాళ్ళలో ఒళ్ళు సన్నగా కనిపించినా పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండడం మామూలు. అందుకే మనకు బరువు లెక్కలు కూడా వేరు. పాశ్చాత్యులకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దాటితే అధిక బరువు అంటారు, మనకు 23 దాటగానే అంటారు. ఐదు అడుగుల ఎత్తున్న అమ్మాయి 53 కిలోలు దాటితే ఆ గీత దాటినట్టే. 58 కిలోలకు ఊబకాయం లెక్కలోకి వస్తుంది. ఆ బరువున్న అమ్మాయిని మన ఇళ్ళలో ఎవరూ లావు అనరు, పైగా ఇంకొంచెం ఒళ్ళు చేయమంటారు.

ఇక "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనే మాట. ఎప్పుడూ పరీక్ష చేయించుకోని జేజికి, నాయనకు షుగర్ లేదని ఎలా చెప్పగలం? ఈ ఒక్క మాట నమ్మి పరీక్ష మానేయకండి.

"ఇప్పుడు ఇద్దరి తిండి తినాలి" అని అత్త రోజూ రెండు గరిటెల అన్నం ఎక్కువ పెడుతోంది. తినకపోతే బిడ్డ సన్నగా పుడుతుందా?

అత్తమ్మ ప్రేమతోనే పెడుతోంది, సందేహం లేదు. ఆమె కాలంలో కడుపునిండా తినడమే కష్టంగా ఉన్న ఇళ్ళు చాలా. తినకపోతే బిడ్డ ఎదగదన్న భయం అప్పటి అనుభవంలోంచి వచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో అన్నానికి కొరత లేదు. కొరత ఉన్నది పప్పుకు, గుడ్డుకు, ఆకుకూరకు.

లెక్క చూద్దాం. మొదటి మూడు నెలల్లో అదనంగా తినాల్సిందేమీ పెద్దగా లేదు. ఆ తర్వాత రోజుకు సుమారు 350 కేలరీలు ఎక్కువ కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతుంది. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు చెనక్కాయలు కలిపితే దాదాపు అంతే. ఇంకో మనిషికి సరిపడే భోజనం ఎక్కడా లేదు ఇందులో. అదనపు తిండి ఈ మూడింటి రూపంలో వస్తే బిడ్డ కండకు పనికొస్తుంది. రెండు గరిటెల అన్నం రూపంలో వస్తే తల్లి రక్తంలో చక్కెరగా మారుతుంది.

ఇంట్లో గొడవ లేకుండా దీన్ని మార్చే దారి ఒకటుంది. "అన్నం వద్దు" అంటే అత్తకు బాధ కలుగుతుంది. "అత్తా, అన్నం బదులు ఇంకొంచెం పప్పు వేయి, ఒక గుడ్డు ఉడకబెట్టి పెట్టు, డాక్టరమ్మ చెప్పింది" అని అడిగితే ఆమె సంతోషంగా చేస్తుంది. పెట్టే చేతికి ఇంకేదైనా పెట్టడానికి అవకాశం ఇవ్వాలి.

ఎంత బరువు పెరిగితే మంచిది?

మామూలు బరువున్న మహిళ నెలలు నిండేసరికి 10 నుంచి 12 కిలోల వరకు పెరగడం సరిపోతుందని మన డాక్టర్లు చెబుతుంటారు. మొదటి నుంచే బాగా బరువున్నవాళ్ళకు 5 నుంచి 9 కిలోలు చాలు. మొత్తం అంకె కన్నా ఎప్పుడు పెరిగారన్నది ఎక్కువ ముఖ్యం. మొదటి మూడు నాలుగు నెలల్లోనే ఐదారు కిలోలు పెరిగితే షుగర్ ముప్పు పెరుగుతుంది. చెకప్‌కు వెళ్ళిన ప్రతిసారీ తల్లీబిడ్డల రక్షణ కార్డులో బరువు రాయించుకుని, ముందుసారితో పోల్చి చూడండి. గర్భంలో బరువు తగ్గాలని మాత్రం ఎప్పుడూ పస్తులుండకండి.

రాగి సంగటి తింటే షుగర్ రాదంటారు. నిజమేనా?

రాగి మంచిదే. కాల్షియం, పీచు ఉన్నాయి. సంగటి మంచిదా కాదా అన్నది మాత్రం అది ఎలా ఉంది, ఎంత ఉంది, దాంతో ఏముంది అన్న మూడింటి మీద ఆధారపడుతుంది.

మన ఇళ్ళలో సంగటి ఎలా చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ముందు బియ్యం మెత్తగా ఉడికిస్తారు. అందులో మెత్తగా ఆడించిన రాగి పిండి వేసి, తెడ్డుతో గెలికి, నెయ్యి చేత్తో ముద్ద చేస్తారు. అంటే సగం దాకా బియ్యమే ఉండొచ్చు. మెత్తటి పిండి, మెత్తగా ఉడికిన బియ్యం రెండూ తొందరగా అరిగి చక్కెరగా మారతాయి. ముద్ద కూడా పొలం పని చేసే మగవాడి లెక్కలో ఉంటుంది, రెండు గుప్పెళ్ళు కలిపినంత. ఇంట్లో కూర్చున్న గర్భిణి అదే ముద్ద తిని పైన కొంచెం అన్నం పెరుగు కూడా తింటే, అది సంగటి కదా అని షుగర్ ఊరుకోదు.

అయితే ఏం చేయాలి? బియ్యం తగ్గించి, రాగి పిండి వంతు పెంచండి. వీలైతే పిండి కొంచెం బరకగా ఆడించండి. ముద్ద మీ పిడికిలంత ఉండాలి. పక్కన చింతాకు పప్పో, గోంగూర పప్పో, కోడి పులుసో ముద్దకు సమానంగా పెట్టుకోండి. చెనక్కాయల ఊరిబిండి అంచుకు పెట్టుకోవచ్చు, అందులో ప్రోటీన్, కొవ్వు ఉన్నాయి. సంగటి తిన్నాక మళ్ళీ అన్నం అవసరం లేదు, మజ్జిగ తాగండి.

జొన్న రొట్టె, కొర్ర అన్నానికీ ఇదే మాట. నన్ను అడిగితే కర్నూలు, ఆదోని వైపు పల్చగా తట్టే జొన్న రొట్టె, గోరుచిక్కుడు కూర, పెరుగు కలిసిన భోజనం గర్భిణికి ఎంతో మంచిది. రెండు రొట్టెలతో ఆగాలి, అంతే. కర్నూలు సోనా అన్నం మానేయాల్సిన అవసరం కూడా లేదు. పళ్ళెంలో సగం కూరలు, పావు భాగం పప్పు లేదా గుడ్డు లేదా చికెన్, మిగిలిన పావు భాగమే అన్నం ఉండేట్టు చూసుకోండి. ముందు కూర, పప్పు తిని, చివర్లో అన్నం తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువ పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఖర్చులేని మార్పు ఇది.

పొద్దున ఉగ్గాని, కారం దోశ తినొచ్చా?

ఉదయం పూట ఒంట్లో హార్మోన్ల ప్రభావం వల్ల చాలామంది గర్భిణులకు షుగర్ తొందరగా పెరుగుతుంది. రోజంతా కష్టపడి తిండి చూసుకున్నా, టిఫిన్ తర్వాత అంకె ఎక్కువ రావడానికి కారణం ఇదే. అందుకే ఉదయం తిండి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఉగ్గానికి వాడే బొరుగులు తేలిగ్గా కనిపిస్తాయి, కానీ అవి పేలిన బియ్యం. చాలా వేగంగా అరుగుతాయి. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వస్తే శనగపిండి మంచిదే అయినా నూనె తోడవుతుంది. ఉగ్గాని మీద ప్రేమ వదలక్కర్లేదు. వారానికి ఒకసారి, చిన్న ప్లేటు, అందులో ఉల్లిపాయ, టమోటా, పుట్నాల పొడి ధారాళంగా, బజ్జీ బదులు ఉడికించిన గుడ్డు. రోజూ అయితే పెసరట్టు, ఉడికించిన అలసందలు (వడ కాదు), కూరగాయలు ఎక్కువ వేసిన జొన్న రవ్వ ఉప్మా మేలు.

కడప కారం దోశ ఒకటి తిని ఆపగలిగితే తినండి, మధ్యలో బొంబాయి చట్నీ కన్నా పప్పుల పొడి ఎక్కువ వేయమని చెప్పండి. టిఫిన్ మానేయడం మాత్రం పరిష్కారం కాదు. పొద్దున ఏమీ తినకుండా మధ్యాహ్నం ఆకలి మీద రెట్టింపు తినడం ఇంకా చెడ్డది.

పండ్లు ఎన్ని తిన్నా మంచిదే కదా? మా ఊళ్ళో చీనీ తోటలు, ఇంటి ముందు మామిడి చెట్టు ఉన్నాయి.

పండు మంచిది, రసం వేరు. అనంతపురంలో చీనీకాయలకు కరువు లేదు. ఒక కాయ ఒలిచి తొనలు నమిలి తింటే పీచు లోపలికి వెళ్తుంది, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండి, పీచు పారేసి, పైన రెండు చెంచాల చక్కెర వేస్తాం. బండి మీద తాగే రసం అంతా ఇదే. "జ్యూస్ తాగితే బలం" అని రోజూ ఆస్పత్రి బయట తాగించేవాళ్ళను చూస్తే బాధేస్తుంది, ఆ డబ్బుతో రెండు గుడ్లు వస్తాయి.

మామిడి, అరటి, సపోటా, సీతాఫలం తీపి ఎక్కువ. భోజనం అయిన వెంటనే కాకుండా మధ్యలో, ఒక చిన్న అరటిపండో, అరచేతిలో పట్టేన్ని మామిడి ముక్కలో తినొచ్చు. జామ, బొప్పాయి (బాగా పండినది), దానిమ్మ, చీనీ కొంచెం మేలు.

బెల్లం మంచిదే కదా? చక్కెర మానేసి అన్నిటిలో బెల్లం వేస్తున్నాం.

బెల్లంలో ఇనుము కాస్త ఉంటుంది, కానీ షుగర్ విషయంలో చక్కెరకూ బెల్లానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేనెకు కూడా ఇదే వర్తిస్తుంది. ఓళిగ బెల్లంతో చేసినా ఓళిగే.

పానీయాల దగ్గర ఇంకా జాగ్రత్త. 250 మిల్లీలీటర్ల మామూలు కోలా సీసాలో 25 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాలు. అంతకు మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే పరిమితే అది. గర్భానికి ముందు వారానికి ఐదు లేదా అంతకంటే ఎక్కువసార్లు కోలా తాగిన మహిళలకు గర్భంలో షుగర్ ముప్పు 22 శాతం ఎక్కువని అమెరికాలో నర్సుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. ఎండాకాలంలో నన్నారి షర్బత్, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు, పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింక్ ఇవన్నీ కూడా ఇదే లెక్కలో వస్తాయి. దాహానికి మజ్జిగ, నిమ్మకాయ ఉప్పు వేసిన నీళ్ళు, కుండలో నీళ్ళు ఉన్నాయి.

టీ గురించి ఎవరూ లెక్కపెట్టరు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర అంటే ఎనిమిది చెంచాలు. రెండు టీలకు తగ్గించి, ఒక్కోదానిలో అర చెంచా వేసుకోవడంతో మొదలుపెట్టండి. గర్భిణుల కోసమని అమ్మే డబ్బా పొడుల మీద చక్కెర ఎంతుందో చదివి చూడండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బెల్లం, చిక్కీ, ఖర్జూరం ఏం చేయాలి?

షుగర్ లేనివాళ్ళు కొంచెం కొంచెంగా తినొచ్చు, అవి రక్తం తక్కువగా ఉన్నవాళ్ళ కోసం ఇస్తున్నవి. షుగర్ ఉందని తేలినవాళ్ళు పాలు, గుడ్లు, రాగి పిండి, పప్పు తామే వాడుకుని, బెల్లం, చిక్కీ ఇంట్లో పిల్లలకు పెట్టండి. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు మీకు షుగర్ వచ్చిందని చెప్పడం మర్చిపోకండి. ఇచ్చే గుడ్డును ఇంట్లో అందరూ పంచుకుంటే గర్భిణికి మిగిలేది అన్నమే.

కడుపుతో ఉన్నప్పుడు నడవొచ్చా? "మంచం దిగొద్దు" అని అందరూ అంటున్నారు.

డాక్టర్ ప్రత్యేకంగా విశ్రాంతి చెప్పకపోతే నడవొచ్చు, నడవాలి. మాయ కిందికి ఉండి రక్తస్రావం అయినవాళ్ళు, గర్భసంచి మూతికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, బీపీ బాగా ఎక్కువైనవాళ్ళు, ముందుగా నొప్పులు వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే చేయాలి. మిగతా వాళ్ళకు వారానికి 150 నిమిషాల నడక లాంటి ఓ మోస్తరు శ్రమ సురక్షితం.

నడిస్తే ఏమవుతుందంటే, కండలు పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం ఎక్కువ అవసరం లేకుండానే రక్తంలో చక్కెరను లాక్కుంటాయి. అందుకే ఒకేసారి అరగంట కన్నా, మూడు పూటలా భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడవడం బాగా పనిచేస్తుంది. తిని పక్కమీద వాలే అలవాటును ఇది మారుస్తుంది.

మన ఊళ్ళలో ఇబ్బంది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మధ్యాహ్నం భోజనం చేసి బయట నడవమని ఎవరూ చెప్పరు. పొద్దున సూర్యుడు పైకి రాకముందు, రాత్రి భోజనం తర్వాత వీధిలో లేదా మిద్దె మీద నడవండి, మెట్లు ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకోండి. మధ్యాహ్నం ఇంట్లోనే హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకు నడిచినా సరిపోతుంది. ఒంటరిగా బయటికి వెళ్ళడం ఇష్టం లేకపోతే భర్తను తోడు రమ్మనండి. సెల్లు చూస్తూ కూర్చునే ఆ పదిహేను నిమిషాలు ఆయనకూ పనికొస్తాయి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. కళ్ళు తిరిగినా, నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, నీరు పోయినా ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి.

నేను రోజంతా కుట్టు మిషన్ ముందు కూర్చుంటాను. పొలం పనికి వెళ్ళే మా చెల్లికి ఈ ఇబ్బంది ఉండదా?

రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు, ఆఫీసు, బ్యాంకు ఉద్యోగులు ఒకే ఇబ్బందిలో ఉన్నారు. పని ఎంత అలసటగా ఉన్నా, కాళ్ళు కదలకపోతే ఒంటికి అది కూర్చోవడమే. ప్రతి ముప్పావు గంటకు లేచి రెండు నిమిషాలు నడవండి. నీళ్ళ సీసా దూరంగా పెట్టుకుంటే లేవక తప్పదు.

పొలం పనికి వెళ్ళే చెల్లికి కదలిక విషయంలో మేలే. కానీ చాలామంది కడుపు తెలిసిన రోజు నుంచి ఉన్నట్టుండి పని పూర్తిగా మానేసి, తిండి మాత్రం అదే ఉంచుతారు. బరువులెత్తడం, ఎండలో వంగి పనిచేయడం మానాల్సిందే, కదలిక మాత్రం మానకూడదు.

నిద్రకు షుగర్‌కు ఏం సంబంధం?

రాత్రి ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయే గర్భిణులకు షుగర్ ముప్పు ఎక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, మర్నాడు తీపి మీద మనసు లాగుతుంది. గట్టిగా గురక పెట్టే అలవాటు కొత్తగా వస్తే డాక్టరుకు చెప్పండి. రాత్రి పదికల్లా ఫోన్ పక్కన పెట్టడం, ఎడమ వైపు తిరిగి పడుకోవడం, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానడం చేయగలిగినవి. ఉదయం ఐదుకు లేచి ఇంటిపని మొత్తం చేసే కోడలికి ఇవేవీ సాధ్యం కావు, ఆ పని ఇంట్లో ఎవరైనా పంచుకోవాలి.

టెన్షన్ వల్ల షుగర్ వస్తుందా?

టెన్షన్ ఒక్కదానివల్లే వస్తుందని చెప్పలేం. బరువు, కదలిక విషయంలో ఉన్నంత బలమైన ఆధారాలు దీనికి లేవు. కానీ దిగులు ఎక్కువగా ఉన్నవాళ్ళు నిద్రపోరు, నడవరు, వేళకు తినరు. ఈ దారిలో అది పనిచేస్తుంది. మగపిల్లాడు కావాలనో, కాన్పు ఖర్చు గురించో ఇంట్లో రోజూ వినే మాటలు తగ్గించడం కూడా వైద్యంలో భాగమేనని నా నమ్మకం.

ఆకు వక్క వేసుకుంటాను. ఆయన బీడీ కాలుస్తారు. పర్వాలేదా?

పొగాకు కలిపిన ఆకు వక్క, గుట్కా పూర్తిగా మానాలి. బీడీ పొగ ఇంట్లో వద్దు. షుగర్ సంగతి పక్కన పెట్టినా, బిడ్డ బరువు తగ్గడానికి, నెలలు నిండకుండా పుట్టడానికి పొగాకు కారణమవుతుంది.

శుక్రవారం ఒక్కపొద్దు ఉంటాను. మా పక్కింటి అక్క రంజాన్ రోజా పెడుతుంది. ఉండొచ్చా?

షుగర్ ఉన్న గర్భిణి చాలాసేపు ఏమీ తినకుండా ఉండి, ఆపైన ఒక్కసారే పాయసం, పులిహోర తినడం మంచిది కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు రోజా తర్వాత పెట్టుకునే వెసులుబాటు ఇస్లాంలోనే ఉంది. ఒక్కపొద్దు ఉండేవాళ్ళు పాలు, మజ్జిగ, నానబెట్టిన పెసలు, గుప్పెడు చెనక్కాయలు రెండు మూడు గంటలకోసారి తీసుకుంటూ ఉండొచ్చు. ఏదైనా డాక్టరును అడిగి చేయండి.

పరీక్ష ఎప్పుడు, ఎలా చేస్తారు?

కడుపు తెలిసి మొదటిసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరో నెల చివర నుంచి ఏడో నెల లోపు ఇంకోసారి. మొదటిది బాగుందని రెండోది వదిలేయకూడదు. ఎక్కువమందికి బయటపడేది రెండోసారే. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే అమ్మాయిలు సరిగ్గా ఈ సమయంలోనే ఊరు మారతారు. సీమంతం అయ్యాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది. అత్తగారి ఊళ్ళోనే పరీక్ష చేయించుకుని, ఫలితం కార్డులో రాయించుకుని బయలుదేరండి.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో మన దేశపు మార్గదర్శకాల ప్రకారం 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఇస్తారు. ఇందుకు పరగడుపున రావాల్సిన పని లేదు. మారుమూల ఊరి నుంచి బస్సులో వచ్చే గర్భిణికి ఇది పెద్ద సౌకర్యం. ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. చాలా తియ్యగా ఉంటుంది, కొందరికి వికారం వస్తుంది, నెమ్మదిగా గుక్కలు గుక్కలుగా తాగండి. తాగిన అరగంట లోపు వాంతి అయితే ఆ పరీక్ష మర్నాడు మళ్ళీ చేయాలి, అరగంట తర్వాత అయితే కొనసాగించవచ్చు. రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. ఈ రెండు గంటలు ఏమీ తినకుండా, ఎక్కువ తిరక్కుండా కూర్చోవాలి. క్యూలో విసుగొచ్చి బయటికెళ్ళి టీ తాగి వస్తే ఫలితం తప్పవుతుంది. 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు.

కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల్లో పరగడుపున మొదలుపెట్టి మూడుసార్లు రక్తం తీసే పద్ధతి వాడతారు. అందులో పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153, వీటిలో ఏ ఒక్కటి చేరినా షుగర్ అంటారు. రెండు పద్ధతుల అంకెలను కలిపి చూసి గాభరా పడకండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే) పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా సరికాదు, రక్తహీనత ఉన్నప్పుడు ఆ లెక్క తప్పుతుంది, మన ప్రాంతంలో రక్తం తక్కువ ఉన్న గర్భిణులు ఎక్కువ.

ప్రతి నెల 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఉచితంగా డాక్టర్ చెకప్ ఉంటుంది.

షుగర్ వచ్చింది. నేను తిన్న తిండి వల్లేనా? ఇది నా తప్పేనా?

కాదు. తిండి చాలా శ్రద్ధగా చూసుకున్నవాళ్ళకూ వస్తుంది, ఏమీ పట్టించుకోనివాళ్ళకు రాకుండా పోవడం కూడా చూస్తాం. వంశం, మాయ హార్మోన్లు, ఒంటి తీరు కలిసి పనిచేస్తాయి. ఇక్కడ చెప్పిన జీవనశైలి మార్పులు ముప్పును తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు. "స్వీట్లు తిని తెచ్చుకుంది" అని ఎవరైనా అంటే, వాళ్ళకు ఈ జవాబు చూపించండి. ఆ మాటల వల్ల భయపడి అన్నం పూర్తిగా మానేసిన అమ్మాయిలుంటారు, అది బిడ్డకు మంచిది కాదు.

షుగర్ ఉన్నట్టు తేలితే తర్వాత ఏం చేస్తారు? ఇన్సులిన్ తప్పదా?

చాలామందికి అవసరం రాదు. ముందు రెండు వారాలు తిండి, నడక మార్చి చూస్తారు. పరగడుపున 95 లోపు, భోజనం తర్వాత రెండు గంటలకు 120 లోపు ఉండేట్టు చూడాలి. అప్పటికీ దిగకపోతే డాక్టరు మెట్‌ఫార్మిన్ మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డ దగ్గరికి వెళ్ళదు, అందుకే దాన్ని చూసి భయపడక్కర్లేదు. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం" అన్నది కూడా తప్పు. ఎక్కువమందికి కాన్పు తర్వాత ఆగిపోతుంది. నాటు మందులు, ఆకు పసర్లు ఈ సమయంలో వద్దు.

షుగర్ పట్టించుకోకపోతే బిడ్డకు ఏమవుతుంది?

తల్లి రక్తంలోని అదనపు గ్లూకోజ్ మాయ గుండా బిడ్డకు వెళ్తుంది. బిడ్డ క్లోమం దానికి తగ్గట్టు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి, ఆ చక్కెరను కొవ్వుగా మారుస్తుంది. బిడ్డ మరీ బరువెక్కితే కాన్పు కష్టమవుతుంది, భుజం ఇరుక్కునే ప్రమాదం, ఆపరేషన్ అవసరం పెరుగుతాయి. పుట్టగానే తల్లి నుంచి గ్లూకోజ్ ఆగిపోయినా బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే మొదటి గంటలోనే పాలు పట్టాలి, మడమ దగ్గర చుక్క రక్తం తీసి పరీక్షిస్తారు. తల్లికి బీపీ, ఉమ్మనీరు ఎక్కువవడం ఉండొచ్చు. బాగా పెద్ద బిడ్డ పుడితే బలంగా పుట్టాడని మురిసిపోయే ముందు షుగర్ పరీక్ష చేయించారా అని అడగాలి.

కాన్పు అయ్యాక షుగర్ పోయింది. ఇక మర్చిపోవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలోనే మన ఇళ్ళలో ఎక్కువ నష్టం జరుగుతోంది. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజ్‌తో పరీక్ష చేయించుకోవాలి. బాగుంటే ఆ తర్వాత ఏడాదికి ఒకసారి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకు తర్వాత జీవితంలో షుగర్ వ్యాధి వచ్చే అవకాశం, రానివాళ్ళ కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. బిడ్డకు టీకా వేయించే రోజే తల్లికి పరీక్ష పెట్టుకుంటే మర్చిపోరు. ఆరో వారం టీకాకు ఎలాగూ వెళ్ళాలి.

తల్లిపాలు ఇవ్వడం తల్లికి ఈ విషయంలో మేలు చేస్తుంది. బాలింత పథ్యం పేరుతో నెయ్యి, బెల్లం, శొంఠి లడ్డూలు రోజూ తినిపించి, నలభై రోజులు మంచం మీదే ఉంచితే, గర్భంలో పెరిగిన బరువు అలాగే నిలిచిపోతుంది. కుట్లు మానాక డాక్టరును అడిగి ఇంట్లో నడక మొదలుపెట్టండి.

రెండో కాన్పు అనుకుంటున్నప్పుడు కడుపు నిలిచాక కాకుండా ముందే షుగర్ పరీక్ష చేయించుకోండి, అప్పటికి మొదటి కాన్పుకు ముందున్న బరువుకు వస్తే మరీ మంచిది. ఆ తర్వాత మొదటి చెకప్‌లోనే "నాకు పోయినసారి షుగర్ వచ్చింది" అని డాక్టరుకు మీరే చెప్పండి. పాత కార్డు దాచిపెట్టుకోండి, కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి.